ఖండన రేఖ నుంచి ఉమ్మడి రేఖకు: సమతలాల కలయికను తెలుగులో చూపే మార్గం

వ్యాససంగ్రహం

అంతరాళంలో రెండు సమతలాలు కలిసినచోట సరళరేఖ ఏర్పడుతుంది. తెలుగు మాధ్యమ విద్యార్థి ఈ సూత్రాన్ని సులభంగానే కంఠస్థం చేస్తాడు. దాన్ని మనసులో చూడలేక సమీకరణాల దగ్గర తడబడతాడు. ఈ ఇబ్బందికి కారణం కొంత కాగితం మీది బొమ్మలోనూ, కొంత ‘ఖండనం’, ‘మూల’ వంటి మాటల్లోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తలాల కలయికను ‘కోత’గా కాక ‘ఉమ్మడి’గా గ్రహిస్తే రేఖ ఎందుకు ఏర్పడుతుందో, దాన్ని ఎలా గుర్తించాలో స్పష్టమవుతుందని మండువా లోగిలి పైకప్పు ఉదాహరణతో నిరూపిస్తుంది.

కీలకపదాలు: సమతలం, ఖండనం, ఛేదనం, ఉమ్మడి, మూల, మండువా, జాడ, త్రిపరిమాణ జ్యామితి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో గణితం రాయడం కొత్త విషయం కాదు. 11వ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆధునిక కాలంలో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు కావలసిన పారిభాషిక పదాలను, పాఠ్యపుస్తకాలను సిద్ధం చేసింది. సమతలం, అంతరాళం, నిరూపకాలు, అభిలంబం, సదిశ వంటి మాటలు నేడు ఇంటర్మీడియట్ విద్యార్థికి పరిచితాలే. అయితే మాట పరిచయం కావడం వేరు, ఆ మాట వెనుక ఉన్న రూపం కళ్లకు కట్టడం వేరు.

సమతల జ్యామితిలో ఈ దూరం అంతగా బాధించదు. త్రిభుజం గురించి చెప్పే మాట, త్రిభుజం బొమ్మ, త్రిభుజం మూడూ కాగితం మీదనే ఉంటాయి. త్రిపరిమాణ జ్యామితిలో వస్తువు అంతరాళంలో ఉంటుంది, బొమ్మ మాత్రం కాగితం మీద ఉంటుంది. ఆ రెంటి మధ్య వంతెన వేయవలసినది భాష. ఆ వంతెన బలహీనమైతే విద్యార్థి సమీకరణాలను సాధించగలడు గాని, సాధించినది ఏమిటో చెప్పలేడు. రెండు సమతలాల కలయిక ఈ సమస్యకు చక్కని నిదర్శనం.

2. బొమ్మ దాచేది

సమతలానికి అంచు లేదు. అది అన్ని వైపులా అనంతంగా విస్తరిస్తుంది. దాన్ని కాగితం మీద చూపాలంటే ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. అందుచేత పుస్తకాల్లో సమతలాన్ని ఒక సమాంతర చతుర్భుజంగా గీస్తారు. ఈ సంప్రదాయం అవసరమైనదే. కాని చూసేవారికి నాలుగు అంచులూ నాలుగు శీర్షాలూ ఉన్న ఒక పలక కనబడుతుంది. ఒక పలక కొస మరొక పలకను తాకినట్లు గీస్తే, రెండు సమతలాలు ఒక్క బిందువు దగ్గర కలిసి ఆగిపోవచ్చు గదా అన్న సందేహం సహజంగానే పుడుతుంది.

ఈ సందేహానికి యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ 11వ భాగంలోని 3వ ప్రతిపాదనలో సమాధానం చెప్పాడు: రెండు తలాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటే వాటి ఉమ్మడి భాగం సరళరేఖ. రెండు తలాలకూ చెందిన రెండు బిందువులు దొరికాయనుకుంటే, ఆ బిందువులను కలిపే సరళరేఖ మొదటి తలంలోనూ పూర్తిగా ఉంటుంది, రెండో తలంలోనూ పూర్తిగా ఉంటుంది. కాబట్టి రేఖ అంతా ఉమ్మడిదే.

ఒక బిందువు ఉమ్మడి అయితే రెండోది కూడా ఉండి తీరాలా? ఒక చీమను ఊహించుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. మొదటి తలం మీద, ఆ ఉమ్మడి బిందువు కేంద్రంగా, ఒక చిన్న వృత్తంలో చీమ నడుస్తున్నది. అది బయలుదేరినచోటు రెండో తలానికి పైవైపున ఉంటే, కేంద్రానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు రెండో తలానికి కిందివైపున ఉంటుంది. సగం చుట్టు పూర్తయ్యేలోగా చీమ పైనుంచి కిందికి దిగాలి; దిగాలంటే రెండో తలాన్ని దాటాలి. దాటిన ఆ చోటే రెండో ఉమ్మడి బిందువు. వృత్తం ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా ఈ తర్కం మారదు. అందువల్ల త్రిపరిమాణ అంతరాళంలో రెండు భిన్న సమతలాలకు మూడో గతి లేదు: అవి సమాంతరంగా ఉండి ఎన్నడూ కలవవు, లేదా ఒక పూర్తి సరళరేఖ పొడవునా కలుస్తాయి.

3. మాట దాచేది

బొమ్మ కలిగించే భ్రమకు మాట కొంత తోడవుతుంది. పాఠశాల పుస్తకాల్లో కలిసే రేఖలను ‘ఖండన రేఖలు’ అంటారు. లోకవ్యవహారంలో ‘ఖండించు’ అంటే నరకడం, ముక్కలు చేయడం. పత్రికాభాషలో ఒక ఆరోపణను తోసిపుచ్చడం. ఏ అర్థంలో తీసుకున్నా ఒకటి నిలిచి మరొకటి దెబ్బతినడం అందులో ధ్వనిస్తుంది. తలాల కలయికలో జరిగేది అది కాదు. రెండు అట్టముక్కలకు సగం వరకు చీలికలు పెట్టి ఒకదానిలోకి మరొకదాన్ని దూర్చినప్పుడు కనబడే ఆకారమే సరైన నమూనా. అట్టలకు చీలిక తప్పదు గాని, తలాలకు ఆ అవసరం లేదు. ఒకటి మరొకదానిగుండా అవతలికి సాగిపోతుంది. ఏదీ తెగదు, ఏదీ ఆగదు.

‘ఛేదనం’ అన్న మాటకు కూడా ధాత్వర్థం కోతే. అయినా సమితుల పాఠంలో విద్యార్థి ‘సమితుల ఛేదనం’ అంటే రెండు సమితుల్లోనూ ఉన్న మూలకాల సమితి అని నేర్చుకుంటాడు. అక్కడ కోత స్ఫురించదు. రెంటిలోనూ ఉన్నది ఏది అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. తలాల కలయికకు కావలసిన భావం ఇదే. ఒక తలం అంటే ఒక షరతుకు లోబడిన బిందువుల సమితి. రెండు తలాల ఛేదనం అంటే రెండు షరతులకూ లోబడిన బిందువుల సమితి. ఈ భావానికి తెలుగులో తరతరాలుగా ఉన్న మాట ‘ఉమ్మడి’. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి కుటుంబం, రెండిళ్లకు ఉమ్మడి గోడ అన్నప్పుడు ఎవరి వాటా తెగిపోదు. ఒకటే వస్తువు ఇద్దరిదీ అవుతుంది. ‘ఖండన రేఖ’ను పారిభాషిక పదంగా ఉంచుతూనే, దాన్ని మొదటిసారి వివరించేటప్పుడు ‘ఉమ్మడి రేఖ’ అని చెబితే విద్యార్థి దృష్టి కోత మీది నుంచి పొత్తు మీదికి మళ్లుతుంది.

‘మూల’ అన్న మాటలో ఇంకొక చిక్కు ఉంది. దీర్ఘచతురస్రానికి నాలుగు మూలలు అన్నప్పుడు మూల ఒక బిందువు. కర్రను గది మూలకు ఆనించమన్నప్పుడు మూల రెండు గోడలు కలిసే నిలువు రేఖ. ఈశాన్య మూలలో బావి ఉందన్నప్పుడు మూల కొంత స్థలం. వాడుకలో సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి ఇబ్బంది రాదు. జ్యామితిలో మాత్రం రెండు గోడల కలయిక రేఖ అనీ, రెండు గోడలూ నేలా కలిసే చోటు బిందువు అనీ విడదీసి చెప్పాలి. ‘గది మూలను చూడండి’ అని ఉపాధ్యాయుడు అన్నప్పుడు, తరగతిలో సగంమంది రేఖను, సగంమంది బిందువును చూస్తూ ఉండవచ్చు.

4. మండువా మూల: ఒక ఉదాహరణ

గోడలు, నేల పరస్పరం లంబంగా ఉంటాయి గనుక వాటి ఉమ్మడి రేఖలు చూడగానే తెలుస్తాయి. వాలు తలాల దగ్గరనే ఊహకు నిజమైన పరీక్ష ఎదురవుతుంది. దీనికి కోస్తా జిల్లాల్లో కనిపించే పాత మండువా లోగిలి తగిన ఉదాహరణ. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చతురస్రం ఉంటుంది. నాలుగు వైపుల వసారాల పెంకుల కప్పులు దానివైపు వాలుతాయి. వానకాలంలో నీరు నలువైపుల నుంచీ మండువాలోకి దిగుతుంది. పక్కపక్కనున్న రెండు కప్పులు కలిసినచోట, మండువా ప్రతి మూల నుంచి ఒక ఏటవాలు రేఖ పైకి సాగుతుంది. ఆ రేఖ కింద మూల వాసం ఉంటుంది.

మండువా ఈశాన్య మూలలో, చూరు ఎత్తున ఉన్న బిందువును ఆరంభంగా తీసుకుందాం. అక్కడి నుంచి తూర్పుకు దూరాన్ని ‘తూ’ అని, ఉత్తరానికి దూరాన్ని ‘ఉ’ అని, చూరు మట్టం నుంచి ఎత్తును ‘ఎ’ అని అందాం. దూరాలన్నీ మీటర్లలో కొలుద్దాం. రెండు మీటర్లు వెళితే ఒక మీటరు లేచే వాలు ఉన్నదనుకుంటే,

తూర్పు కప్పు: ఎ = తూ/2
ఉత్తరపు కప్పు: ఎ = ఉ/2

తూర్పు కప్పు సమీకరణంలో ‘ఉ’ లేదు. అంటే ఉత్తర దక్షిణాలుగా ఎంత జరిగినా ఆ కప్పు ఎత్తు మారదు. చూరుకు సమాంతరంగా నడిచే పెంకుల వరుస మట్టంగా ఉంటుంది. ఉత్తరపు కప్పులో ‘తూ’ లేకపోవడానికి అర్థం కూడా ఇదే. సమీకరణంలో ఏ అక్షరం లేదో గమనించడం తలాన్ని చూడడంలో మొదటి మెట్టు.

4.1 వరుసల పద్ధతి

రెండు తలాలను ఒక్కసారిగా ఊహించడం కష్టం. ఒక్కొక్క ఎత్తు దగ్గర విడిగా చూడడం సులభం. అర మీటరు ఎత్తున తూర్పు కప్పు మీది పెంకుల వరుస తూ = 1 అన్న గీత; ఉత్తరపు కప్పు మీది వరుస ఉ = 1 అన్న గీత. ఒకటే మట్టంలో ఉన్న ఈ రెండు గీతలు తూర్పుకు 1, ఉత్తరానికి 1 దూరంలో కలుస్తాయి. ఒక మీటరు ఎత్తున ఆ చోటు (2, 2) అవుతుంది. చూరు మట్టాన అది మండువా మూలే. ఇలా ఒక్కొక్క వరుస మలుపు తిరిగే బిందువులను కింది నుంచి పైకి కలుపుకుంటూ పోతే ఉమ్మడి రేఖ సిద్ధిస్తుంది. విద్యార్థికి ముందే తెలిసిన ‘రెండు రేఖలు బిందువు దగ్గర కలుస్తాయి’ అన్న విషయమే ఎత్తులవారీగా పేర్చితే ‘రెండు తలాలు రేఖ దగ్గర కలుస్తాయి’ అన్న కొత్త విషయంగా మారుతుంది.

4.2 జాడల పద్ధతి

ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ (1746–1818) కోటల నిర్మాణంలో వచ్చే ఇలాంటి సమస్యలకు ఒక మార్గం కనిపెట్టాడు. సైనిక ప్రయోజనం వల్ల దాన్ని కొన్నేళ్లు రహస్యంగా ఉంచారు. 1795లో ఆయన పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసాల ద్వారా అది వర్ణనాత్మక జ్యామితిగా లోకానికి తెలిసింది. నేటి ఇంజినీరింగ్ చిత్రలేఖనానికి పునాది అదే.

ఆ మార్గంలో ప్రధానమైనది తలం విడిచే ‘జాడ’. వాలు తలం ఒక మట్టపు తలాన్ని కలిసే గీత దాని మట్టపు జాడ. ఒక నిలువు తలాన్ని కలిసే గీత దాని నిలువు జాడ. రెండు తలాల మట్టపు జాడలు కలిసే బిందువు ఒకటి, నిలువు జాడలు కలిసే బిందువు ఒకటి దొరికితే చాలు. ఆ రెంటినీ కలిపే గీతే ఉమ్మడి రేఖ. మండువాలో చూరు మట్టపు జాడలు రెండూ ఆరంభ బిందువు (0, 0, 0) వద్ద కలుస్తాయి. ఉత్తరానికి 2 మీటర్ల దూరంలో ఒక నిలువు గోడను ఊహిస్తే, దాని మీద తూర్పు కప్పు జాడ ఎ = తూ/2 అన్న ఏటవాలు గీత; ఉత్తరపు కప్పు జాడ ఎ = 1 అన్న మట్టపు గీత. అవి (2, 2, 1) వద్ద కలుస్తాయి. వరుసల పద్ధతిలో వచ్చిన రేఖే ఇక్కడా వచ్చింది. తలాల అభిలంబ సదిశలు (1/2, 0, −1), (0, 1/2, −1). వాటి వజ్రలబ్ధం (1/2, 1/2, 1/4), అంటే (2, 2, 1) దిశ. రెండు తలాల్లోనూ ఉండే రేఖ రెండు అభిలంబాలకూ లంబంగా ఉండాలన్న షరతే ఈ లెక్కకు ఆధారం.

4.3 కొలతలు చెప్పే సత్యం

ఇంతవరకు చూసిన రేఖ సరైనదో కాదో తేల్చేది కొలత. చూరు నుంచి 2 మీటర్లు వెనక్కి, 1 మీటరు పైకి వెళ్లే మామూలు వాసం పొడవు √5, అంటే సుమారు 2.24 మీటర్లు. మూల వాసం తూర్పుకు 2, ఉత్తరానికి 2, పైకి 1 మీటరు వెళుతుంది. దాని పొడవు √(4 + 4 + 1) = 3 మీటర్లు. మామూలు వాసం కొలతకే మూల వాసాన్ని కోస్తే ముప్పావు మీటరు తక్కువవుతుంది. ఎత్తును మరచి నేల మీది కర్ణాన్ని మాత్రమే కొలిస్తే 2.83 మీటర్లు వస్తుంది. అప్పుడు కూడా జానెడు లోటు పడుతుంది. రేఖను అంతరాళంలో చూడగలగడానికీ, చూడలేకపోవడానికీ తేడా ఈ కర్ర ముక్కంత స్పష్టంగా ఉంటుంది.

వాలులోనూ తేడా ఉంది. కప్పు వాలు సుమారు 26.6 డిగ్రీలు, ఉమ్మడి రేఖ వాలు సుమారు 19.5 డిగ్రీలే. రెండు కప్పుల నీరూ ఆ రేఖ మీదికే చేరుతుంది, అది పారే వాలు మాత్రం కప్పు వాలు కన్న తక్కువ. పెంకులను ఏటవాలుగా కోసి అతకవలసిన చోటు కూడా అదే. పెంకుటింట్లో మూల దగ్గర కారడం ఎక్కువగా ఎందుకు మొదలవుతుందో ఈ రెండు సంఖ్యలు వివరిస్తాయి.

ఇక రెండు కప్పుల మధ్య కోణం. వసారాలు నేల మీద లంబంగా కలుస్తాయి కాబట్టి కప్పుల మధ్య కోణం కూడా 90 డిగ్రీలే అనిపిస్తుంది. నిజానికి అభిలంబాల మధ్య కోణానికి కొసైన్ విలువ 4/5. ఆ కోణం దాదాపు 36.9 డిగ్రీలు. కాబట్టి కప్పులు పరస్పరం చేసే కోణం దాదాపు 143.1 డిగ్రీలు. దీన్ని ఊహకు తెచ్చుకోవాలంటే వాలును మార్చి చూడాలి. కప్పులను పూర్తిగా పడుకోబెడితే రెండూ ఒకే మట్టపు తలమై కోణం 180 డిగ్రీలవుతుంది. నిటారుగా నిలబెడితే అవి రెండు గోడలై, తాపీమేస్త్రి మూలమట్టం సరిపోయే 90 డిగ్రీలు వస్తుంది. మధ్యలోని ప్రతి వాలుకూ కోణం ఈ రెంటి నడుమనే ఉంటుంది.

5. ఒకే రేఖ, రెండు కప్పులు

పై రెండు సమీకరణాలనే మరొక ఇంటికి అన్వయించవచ్చు. ఈ ఇంటికి మండువా లేదు. కప్పు బయటికి వాలుతుంది. ఆరంభ బిందువు ఇప్పుడు ఇంటి నైరుతి మూలలోని చూరు కొస. పడమటి చూరు నుంచి కప్పు తూర్పుకు లేస్తుంది: ఎ = తూ/2. దక్షిణపు చూరు నుంచి కప్పు ఉత్తరానికి లేస్తుంది: ఎ = ఉ/2. తలాలు అవే, ఉమ్మడి రేఖ అదే, మూల వాసం పొడవు అదే. కాని ఆ రేఖ దగ్గర నీరు కలవదు, రెండు వైపులకూ విడిపోతుంది. మొదటి ఇంట్లో లోయ అయినది ఇక్కడ గట్టు అయింది.

తేడా తలాల్లో లేదు, వాటిలో ఏ సగాన్ని ఉంచుకున్నారన్న దానిలో ఉంది. రెండు తలాలు కలిసి అంతరాళాన్ని నాలుగు భాగాలు చేస్తాయి. ప్రతి చోటా రెంటిలో ఎక్కువ ఎత్తున్న తలాన్ని ఉంచితే లోయ, తక్కువ ఎత్తున్నదాన్ని ఉంచితే గట్టు ఏర్పడతాయి. కప్పు ఉమ్మడి రేఖ దగ్గర ఆగుతుంది, తలం ఆగదు. ఒక ఇంటివారు వదిలేసిన సగాలే మరొక ఇంటివారి కప్పు. సమతలం అనంతమన్న నిర్వచనానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

6. మూడో తలం చేరినప్పుడు

మూడు భిన్న తలాలు అయిదు విధాలుగా అమరగలవు. బీరువాలోని మూడు అరల వలె మూడూ సమాంతరంగా ఉండవచ్చు. నేల, పైకప్పు, ఒక గోడ వలె రెండు సమాంతరమై, మూడోది వాటిని రెండు సమాంతర రేఖల్లో కలవవచ్చు. గది మూలలో వలె మూడింటికీ ఒక్క బిందువే ఉమ్మడి కావచ్చు. తెరిచిన పుస్తకంలోని పుటల వలె మూడూ ఒకే రేఖను పంచుకోవచ్చు. చివరగా, రెండు వాలుల పెంకుటింటిలో కప్పులు రెండూ, అటక ఒకటీ అమరిన తీరు: ఏ రెంటిని తీసుకున్నా ఒక ఉమ్మడి రేఖ ఉంటుంది, ఆ మూడు రేఖలూ సమాంతరంగా ఉంటాయి, మూడు తలాలకూ కలిపి ఒక్క బిందువైనా ఉమ్మడిగా ఉండదు.

మూడు సమీకరణాలు సాధించే విద్యార్థికి మొదటి, రెండో, అయిదో అమరికల్లో ఒకే జవాబు వస్తుంది: ‘సాధన లేదు’. బీజగణితం ఒకే మాట చెప్పినచోట జ్యామితి మూడు వేర్వేరు దృశ్యాలను చూపుతుంది. ఏ రెంటి అభిలంబాలు ఒకే దిశలో ఉన్నాయో చూస్తే ఆ దృశ్యాలను వేరు చేయవచ్చు.

అయిదో అమరికకూ నాలుగో అమరికకూ ఉన్న బంధాన్ని అటకను కదిలించి చూడవచ్చు. ఎత్తును కప్పు వెన్ను నుంచి కొలిస్తే, రెండు కప్పులు ఎ = తూ, ఎ = −తూ; అటక ఎ = −1. అటకను పైకి లేపుతూ పోతే, కప్పుకూ అటకకూ నడుమనున్న త్రిభుజాకారపు ఖాళీ చిన్నదవుతుంది. ఎ = 0 అయిన క్షణాన ఖాళీ మాయమై, మూడు తలాలూ వెన్ను రేఖ మీద కలుస్తాయి. ఇంకా పైకి లేపితే ఇంటిలో ఏమీ మిగలదు. తలాలు మాత్రం వెన్నును దాటి పైకి సాగుతాయి గనుక తలకిందులైన త్రిభుజాకారపు ఖాళీ మళ్లీ తెరుచుకుంటుంది.

7. ముగింపు

తలాల కలయికను చూడడం పుట్టుకతో వచ్చే ప్రత్యేక శక్తి కాదు. సరైన ప్రశ్న వేసుకునే అలవాటు. ‘ఏది దేన్ని కోసింది?’ అన్న ప్రశ్న విద్యార్థిని బొమ్మలోని పలకల దగ్గర ఆపివేస్తుంది. ‘రెంటికీ ఉమ్మడి ఏది?’ అన్న ప్రశ్న అతణ్ణి వరుసలు, జాడలు, అభిలంబాల ద్వారా రేఖ దాకా తీసుకుపోతుంది. ఈ పరిశీలన వల్ల మూడు సూచనలు తేలుతున్నాయి. ఖండన రేఖను పరిచయం చేసేటప్పుడు దాన్ని ముందుగా ఉమ్మడి రేఖగా వివరించాలి. ‘మూల’ అన్న మాట వాడినప్పుడు అది రేఖనో బిందువునో స్పష్టం చేయాలి. సమాంతర చతుర్భుజంగా గీసిన ప్రతి తలం పక్కన, అది అక్కడ ఆగలేదన్న మాట చేర్చాలి.

పారిభాషిక పదం శాస్త్రానికి కచ్చితత్వాన్ని ఇస్తుంది. ఇంటి మాట దానికి చూపును ఇస్తుంది. చూరు, వాసం, అటక, మూలమట్టం, ఉమ్మడి గోడ తెలిసిన భాషలో త్రిపరిమాణ జ్యామితికి కావలసిన ఊహ ముందే ఉంది. దాన్ని తరగతి గదిలోకి పిలవడమే మిగిలిన పని.